కుక్కకు కార్జం, గుండె, కందనకాయ: ఏవి పెట్టాలి, ఎంత పెట్టాలి, ఎలా వండాలి

100 గ్రాముల పచ్చి గొర్రె కార్జంలో సుమారు 24,600 యూనిట్ల విటమిన్ ఎ ఉంటుంది. 20 కిలోల బరువుండి మామూలుగా తిరుగాడే పెద్ద కుక్కకు రోజుకు దాదాపు 1,000 క్యాలరీల ఆహారం పడుతుంది. ప్రతి 1,000 క్యాలరీల ఆహారంలోనూ కనీసం 1,250 యూనిట్ల విటమిన్ ఎ ఉండాలని, 62,500 యూనిట్లు మించకూడదని అమెరికాలోని పశు ఆహార నియంత్రణ అధికారుల సంఘం, అంటే ఆఫ్కో, నిర్దేశించింది. ఈ లెక్కన ఆ కుక్కకు ఒక రోజుకు కావలసిన విటమిన్ ఎ అంతా 5 గ్రాముల గొర్రె కార్జంలోనే దొరుకుతుంది. కుక్కకు అవయవ మాంసం పెట్టాలనుకునే వారు ముందుగా గుర్తుంచుకోవలసింది ఈ 5 గ్రాములనే, ఎందుకంటే మేలైనా కీడైనా ఇక్కడ మోతాదును బట్టే వస్తుంది.

అవయవ మాంసం కుక్కకు సహజమైన, ఇష్టమైన, పోషకాలు నిండిన ఆహారం. కార్జంలో విటమిన్ ఎ తోపాటు బి12, ఫోలేట్, ఇనుము, రాగి సమృద్ధిగా ఉంటాయి. గుండెలో మంచి మాంసకృత్తులు, టారిన్ అనే పోషకం ఉంటాయి. మూత్రపిండాల్లో సెలీనియం ఎక్కువ. వీటిని పెట్టవద్దని నేను చెప్పను. సరైన కుక్కకు, సరైన అవయవాన్ని, తూచి, ఉడికించి పెట్టాలని మాత్రం గట్టిగా చెబుతాను. ఆ పనిని ఏ వరుసలో చేయాలో కింద వివరిస్తున్నాను.

మొదటి పని: మీ కుక్కకు పెట్టవచ్చో లేదో తేల్చుకోండి

ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కలకు కొద్దిపాటి అవయవ మాంసం వల్ల ఇబ్బంది రాదు. కొన్ని కుక్కల సంగతి వేరు. వాటి విషయంలో పశువైద్యుడిని అడగకుండా ఒక్క ముక్క కూడా పెట్టకపోవడమే మంచిది.

డాల్మేషియన్ జాతి కుక్కల శరీరం మాంసంలో, ముఖ్యంగా అవయవాల్లో, ఉండే ప్యూరిన్లు అనే పదార్థాలను ఇతర కుక్కల్లా పూర్తిగా విచ్ఛిన్నం చేయలేదు. జన్యుపరమైన ఈ లోపం వల్ల వాటి మూత్రంలో యూరిక్ యాసిడ్ ఎక్కువగా చేరి, యూరేట్ రాళ్లు ఏర్పడతాయి. ఇంగ్లిష్ బుల్‌డాగ్, బ్లాక్ రష్యన్ టెర్రియర్ జాతుల్లోనూ ఈ లోపం కనిపిస్తుంది. కార్జం, మూత్రపిండాలు, ప్లీహం, మెదడు ప్యూరిన్లు అధికంగా ఉండే పదార్థాలు కనుక ఈ జాతులకు, ఏ జాతిదైనా ఇంతకు ముందు యూరేట్ రాళ్లు వచ్చిన కుక్కకు, వాటిని పెట్టకూడదు.

రెండో సమస్య రాగి. బెడ్లింగ్టన్ టెర్రియర్లలో కాలేయం రాగిని బయటికి పంపలేక దాచుకునే వ్యాధి వంశపారంపర్యంగా వస్తుంది. లాబ్రడార్, డాబర్‌మన్, వెస్ట్ హైలాండ్ వైట్ టెర్రియర్, డాల్మేషియన్ జాతుల్లోనూ రాగి పేరుకుని కాలేయం దెబ్బతినడం పశువైద్యులకు బాగా తెలిసిన విషయమే. ఎన్నో ఇళ్లలో పెరిగే లాబ్రడార్ ఈ జాబితాలో ఉందని చాలామందికి తెలియదు కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నాను. ఈ జాతుల కుక్క ఆరోగ్యంగా ఉన్నా, పశువుల (అంటే ఆవు, ఎద్దు వంటి వాటి) కార్జం, గొర్రె కార్జం మాని, రాగి చాలా తక్కువగా ఉండే కోడి కార్జాన్ని ఎంచుకోండి. రక్తపరీక్షలో కాలేయ ఎంజైములు పెరిగినట్టు తేలితే దాన్ని కూడా ఆపి డాక్టర్‌ను కలవండి.

మూత్రపిండాల జబ్బు ఉన్న కుక్కకు భాస్వరం భారం అవుతుంది. 100 గ్రాముల పశువు కార్జంలో భాస్వరం సుమారు 387 మిల్లీగ్రాములు ఉంటే కాల్షియం 5 మిల్లీగ్రాములే ఉంటుంది. క్లోమ గ్రంథి వాపు, అంటే ప్యాంక్రియాటైటిస్, ఒకసారి వచ్చిన కుక్కకు కొవ్వుతో కూడిన అవయవాలు ప్రమాదకరం. కాలేయంలోకి వెళ్లవలసిన రక్తం పక్కదారి పట్టే పుట్టుకలోపం ఉన్న కుక్కలకు అవయవ మాంసం తిన్న తరువాత అయోమయం, తూలుడు, మూర్ఛ వంటివి రావచ్చు. ఆహార అలర్జీ కారణం తేల్చడానికి డాక్టర్ ప్రత్యేక ఆహారం నడిపిస్తున్నప్పుడు ఒక్క కార్జం ముక్క పెట్టినా వారాల శ్రమ వృథా అవుతుంది. కోడి మాంసం పడని కుక్కకు కోడి కార్జం కూడా పడదు.

చూలుతో ఉన్న కుక్క విషయంలో కఠినంగా ఉండండి. గర్భంలో పిల్లలు రూపుదిద్దుకునే దశలో విటమిన్ ఎ మితిమీరితే అంగిలి చీలిన పిల్లలు పుట్టే ప్రమాదం ఉంది. కుక్కపిల్లల ఎముకలు పెరిగే కాలంలో కూడా విటమిన్ ఎ ఎక్కువ కావడం, కాల్షియం తగ్గడం రెండూ హాని చేస్తాయి. పిల్లల కోసం తయారైన పూర్తి ఆహారం తింటున్న కుక్కపిల్లకు అవయవ మాంసంతో తీరవలసిన లోటేమీ ఉండదు. మూడు నెలలు నిండాక శిక్షణ కోసం గోరంత ముక్కలు బహుమతిగా ఇవ్వవచ్చు, అంతకు మించి అవసరం లేదు.

రెండో పని: ఏ అవయవమో ఎంచుకోండి

అవయవాలన్నింటినీ ఒకే గాటన కట్టడం వల్లే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. గుండె, కందనకాయ నిజానికి కండరాలే. వాటిలో విటమిన్ ఎ ఎక్కువగా పేరుకోదు కాబట్టి వాటిని మామూలు మాంసం లెక్కలో వేసుకోవచ్చు. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను ముందుగా సూచించేది ఇవే. గుండె చుట్టూ, పైభాగంలో ఉండే తెల్లని కొవ్వును కోసి తీసేస్తే జీర్ణం కావడం తేలిక. కందనకాయ లోపలి పసుపుపచ్చ పొరను, దానిలోని ఇసుకను, మేతను పూర్తిగా తొలగించాలి.

కార్జం అన్నింటికంటే శక్తిమంతమైనది. ఏ జంతువు కార్జమన్నది కూడా ముఖ్యమే. 100 గ్రాముల పచ్చి కోడి కార్జంలో విటమిన్ ఎ సుమారు 11,000 యూనిట్లు, రాగి అర మిల్లీగ్రాము ఉంటాయి. పశువు కార్జంలో ఇవి సుమారు 16,900 యూనిట్లు, 9.8 మిల్లీగ్రాములు, గొర్రె కార్జంలో 24,600 యూనిట్లు, 7 మిల్లీగ్రాములు. పంది కార్జంలో విటమిన్ ఎ 21,600 యూనిట్లదాకా ఉన్నా రాగి ముప్పావు మిల్లీగ్రాము కూడా ఉండదు. పశువు కార్జంలో రాగి కోడి కార్జంలో కంటే దాదాపు 20 రెట్లు ఎక్కువ. ఈ తేడా తెలియకుండా ‘కార్జం కొద్దిగా పెట్టండి’ అని చెప్పే సలహా సగం సలహాయే అవుతుంది.

మూత్రపిండాలు వారానికి ఒకసారి చాలు. కాడ్మియం అనే లోహం జంతువుల మూత్రపిండాల్లో వయసుతోపాటు పేరుకుంటుంది కనుక వయసు మళ్లిన జంతువువి కాకుండా లేత జంతువువి తీసుకోవాలి. తిల్లి అని పిలిచే ప్లీహంలో ఇనుము చాలా ఎక్కువ. ఎక్కువైతే విరేచనం పలుచనవుతుంది, కాబట్టి కార్జానికి బదులుగా అప్పుడప్పుడు పెట్టవచ్చు గాని కార్జంతో కలిపి పెట్టకూడదు. ఊపిరితిత్తుల్లో కొవ్వు తక్కువ, బరువు పెరిగిన కుక్కలకు బహుమతిగా బాగుంటాయి, కానీ కింద చెప్పబోయే తిత్తుల ప్రమాదం వాటిలో ఎక్కువ. బోటిని శుభ్రంగా కడిగి ఉడికిస్తే పెట్టవచ్చు. మెదడులో కొవ్వు ఎక్కువ, కుక్కకు దానివల్ల ప్రత్యేకంగా ఒరిగేదేమీ లేదు. నేనైతే దాన్ని పూర్తిగా వదిలేస్తాను.

గొంతు భాగం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. శ్వాసనాళం పక్కన అతుక్కుని థైరాయిడ్ గ్రంథి ఉంటుంది. ఆ గ్రంథితో కలిసి ఉన్న గొంతు మాంసాన్ని తరచుగా తిన్న కుక్కలకు థైరాయిడ్ హార్మోన్ పెరిగి బరువు తగ్గడం, ఎడతెగని ఆయాసం, అతి దాహం, నిలకడలేనితనం వచ్చిన సందర్భాలు పశువైద్యంలో నమోదయ్యాయి. ఈ హార్మోన్ ఉడికించినా నశించదు. 1984, 1985 సంవత్సరాల్లో అమెరికాలోని మిన్నెసోటా, దాని పొరుగు రాష్ట్రాల్లో గొంతు భాగం కలిసిన పశుమాంసం వండుకుని తిన్న మనుషుల్లోనే వందమందికి పైగా థైరాయిడ్ విషప్రభావానికి గురయ్యారు. కాబట్టి గొంతును, దానికి అంటుకుని ఉన్న గ్రంథులను కుక్కకు పెట్టకండి, చవకగా వచ్చినా సరే.

మూడో పని: మోతాదు లెక్కగట్టండి

ముందు మీ కుక్క రోజూ ఏం తింటుందో చూడాలి. దుకాణంలో దొరికే సంపూర్ణ ఆహారం తింటున్న కుక్కకు విటమిన్ ఎ, రాగి అప్పటికే కావలసినంత అందుతున్నాయి. దానికి కార్జం ఒక బహుమతి మాత్రమే. ఇటువంటి కుక్కకు రోజు మొత్తం క్యాలరీల్లో 10 శాతానికి మించి అదనపు తిండి పెట్టకూడదన్నది పశువైద్యులు సాధారణంగా చెప్పే నియమం. అయితే ఈ నియమం ఒక్కటే కార్జానికి సరిపోదు. 20 కిలోల కుక్కకు 10 శాతమంటే 100 క్యాలరీలు, అంటే సుమారు 75 గ్రాముల పశువు కార్జం. అందులో రాగి 7 మిల్లీగ్రాములు దాటుతుంది; ఆ కుక్కకు రోజుకు కావలసిన కనీస రాగి 2 మిల్లీగ్రాముల లోపే. కొవ్వు, క్యాలరీల దృష్ట్యా భద్రంగా కనిపించే కొలత ఖనిజాల దృష్ట్యా మితిమీరిపోతుంది.

అందువల్ల నేను పాటించమని చెప్పే కొలత ఇది. కోడి కార్జమైతే కుక్క బరువులో ప్రతి కిలోకు ఒక గ్రాము, వారానికి మూడు నాలుగు రోజులు. గొర్రె, పశువు కార్జమైతే అందులో సగం, అదీ వారానికి రెండు మూడు రోజులు. ఈ లెక్కన 5 కిలోల చిన్న కుక్కకు ఒక పూటకు 5 గ్రాముల కోడి కార్జం లేదా రెండున్నర గ్రాముల గొర్రె కార్జం. 20 కిలోల కుక్కకు 20 గ్రాముల కోడి కార్జం లేదా 10 గ్రాముల గొర్రె కార్జం. 30 కిలోల కుక్కకు 30 లేదా 15 గ్రాములు. ఇవన్నీ పచ్చి బరువులు. ఉడికాక నీరు పోయి బరువు తగ్గుతుంది కాబట్టి వండకముందే తూచి పెట్టుకోవాలి. చిన్న తూకం లేకపోతే ఒక సులువు ఉంది: అన్ని వైపులా ఒక సెంటీమీటరు ఉండే కార్జం ముక్క సుమారు ఒక గ్రాము బరువుంటుంది.

ఒకే రోజున ఎక్కువగా పెట్టి నెలంతా ఊరుకోవడం కంటే కొద్దికొద్దిగా పెట్టడమే జీర్ణానికి మంచిది. కుక్కలు విటమిన్ ఎ అధికమైతే కొంత భాగాన్ని మూత్రం ద్వారా విసర్జించగలవు. ఈ విషయంలో అవి పిల్లుల కంటే, మనుషుల కంటే తట్టుకోగలవు. అందుకే ఒక రోజు పొరపాటున ఎక్కువ తిన్నంత మాత్రాన భయపడనవసరం లేదు. ప్రమాదం నెలల తరబడి ప్రతిరోజూ కార్జాన్నే ప్రధాన ఆహారంగా పెట్టడంలో ఉంది. అప్పుడు ఆకలి మందగించడం, బరువు తగ్గడం, కీళ్లు బిగుసుకుపోవడం, కదలడానికి ఇష్టపడకపోవడం వంటివి మెల్లగా బయటపడతాయి. కాడ్ లివర్ ఆయిల్ గాని, విటమిన్ ఎ కలిసిన మరే టానిక్ గాని ఇస్తున్నవారు కార్జాన్ని ఆపాలి, లేదా ఆ టానిక్‌ను ఆపాలి. రెండూ కలిపి ఇవ్వకూడదు.

గుండె, కందనకాయల విషయంలో 10 శాతం నియమం చాలు. 20 కిలోల కుక్కకు పచ్చి బరువులో 90 గ్రాముల వరకు పశువు గుండె పెట్టవచ్చు, ఆ మేరకు మామూలు ఆహారం తగ్గించాలి. మూత్రపిండాలు వారానికి ఒక పూట, కిలోకు ఒక గ్రాము చొప్పున సరిపోతాయి. ఆ పూట కార్జం వద్దు.

ఇంట్లో వండిన ఆహారమే పూర్తిగా పెడుతున్నవారి సంగతి వేరు. అక్కడ కార్జం బహుమతి కాదు, ఆహారంలో విడదీయరాని భాగం. అది లేకపోతే విటమిన్ ఎ, రాగి లోపాలు రావచ్చు. సాధారణంగా మొత్తం ఆహారం బరువులో 5 శాతం కార్జం, మరో 5 శాతం మూత్రపిండాలు, ప్లీహం వంటి ఇతర అవయవాలు అన్న లెక్కను చాలామంది పాటిస్తారు. కాని ఈ లెక్క ఒక్కటే ఆహారాన్ని సమతులం చేయదు. కాల్షియం, అయోడిన్, జింక్, విటమిన్ ఇ, విటమిన్ డి ఎక్కడి నుంచి వస్తున్నాయో తేల్చకుండా మాంసం, అవయవాలు, అన్నం కలిపి నెలల తరబడి పెడితే కుక్క తన ఎముకల నుంచే కాల్షియం లాక్కుంటుంది. కుక్కపిల్లల్లో ఎముకలు వంగిపోవడానికి, విరగడానికి ఇది కారణమవుతుంది. ఇటువంటి ఆహారాన్ని జంతు పోషణ తెలిసిన వైద్యుడి చేత లెక్క వేయించుకున్న తరువాతే మొదలుపెట్టండి.

నాలుగో పని: కొనేటప్పుడు, కోసేటప్పుడు పరిశీలించండి

మనుషులు తినడానికి తనిఖీ అయి వచ్చిన మాంసాన్నే కుక్కకూ తీసుకోండి. జబ్బుచేసి చనిపోయిన జంతువు మాంసం ఎంత మాత్రం పనికిరాదు. జంతువును నొప్పి లేకుండా చంపడానికి వాడే పెంటోబార్బిటాల్ అనే మందు ఉడికించినా పోదు. అటువంటి మాంసం తిన్న కుక్కలు స్పృహ తప్పి చనిపోవచ్చు.

తాజా కార్జం మెరుస్తూ, ముదురు ఎరుపు లేదా గోధుమ రంగులో, వేలితో నొక్కితే తిరిగి పైకి లేస్తుంది. పుల్లని వాసన, జిగురు, అంచులు ఆకుపచ్చగా మారడం ఉంటే వదిలేయండి. కోడి కార్జానికి అంటుకుని ఉండే ఆకుపచ్చని పిత్తాశయాన్ని చిట్లకుండా తీసేయాలి. చిట్లితే ఆ రంగు అంటిన భాగం కోసి పారేయాలి.

గొర్రె, మేక, పశువు, పంది కార్జం, ఊపిరితిత్తులు కోసేటప్పుడు నీటి బుడగల్లా, తెల్లని గోడతో ఉన్న తిత్తులు కనిపిస్తాయేమో తప్పక చూడండి. ఇవి హైడాటిడ్ తిత్తులు కావచ్చు. ఎకినోకాకస్ గ్రాన్యులోసస్ అనే చిన్న బద్దెపురుగు లార్వాలు వీటిలో పెరుగుతాయి. పచ్చి తిత్తిని తిన్న కుక్క పేగుల్లో ఆ లార్వాలు కొన్ని మిల్లీమీటర్ల పొడవున్న పురుగులుగా మారతాయి. దాదాపు ఏడు వారాల్లో కుక్క మలం ద్వారా గుడ్లు బయటికి రావడం మొదలవుతుంది. కుక్క మాత్రం ఏ లక్షణమూ లేకుండా హుషారుగానే ఉంటుంది. ఆ గుడ్లు కుక్క బొచ్చు మీద, మట్టిలో, కడగని కూరగాయల మీద చేరి మనిషి నోట్లోకి వెళితే, మనిషి కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో అవే తిత్తులు ఏళ్ల తరబడి పెరుగుతాయి. వాటిని తీయడానికి పెద్ద శస్త్రచికిత్స అవసరం కావచ్చు. కుక్కతో ఆడుకునే చిన్నపిల్లలకు ఈ ముప్పు ఎక్కువ.

ఈ వ్యాధి చక్రాన్ని తెంచడం సాధ్యమేనని చరిత్ర నిరూపించింది. 19వ శతాబ్దంలో ఐస్‌లాండ్‌లో ఇది జనాన్ని పట్టి పీడించేది. 1863లో అక్కడికి వెళ్లి పరిశీలించిన డేనిష్ వైద్యుడు హరాల్డ్ క్రాబే రాసిన చిన్న పుస్తకాన్ని 1864లో ప్రజలకు పంచారు. తిత్తులున్న అవయవాలను కుక్కలకు అందకుండా నాశనం చేయాలన్న ఆ బోధ ఇంటింటికీ చేరడంతో తరువాతి దశాబ్దాల్లో వ్యాధి క్రమంగా కనుమరుగైంది. న్యూజిలాండ్ కూడా పచ్చి అవయవాలు కుక్కలకు పెట్టడాన్ని అడ్డుకుని, కుక్కలకు పురుగుల మందు వేసి, 2002లో ఈ వ్యాధి నుంచి తాత్కాలికంగా విముక్తి పొందినట్టు ప్రకటించుకుంది. మన ఇంటి వంటగదిలో మనం పాటించవలసింది కూడా సరిగ్గా ఆ పద్ధతినే.

తిత్తి కనిపిస్తే గుచ్చవద్దు, పిండవద్దు. ఆ అవయవం మొత్తాన్ని కాల్చివేయండి, లేదా కుక్కలు తవ్వలేనంత లోతున పాతిపెట్టండి. చెత్తకుప్పలో పడేస్తే వీధికుక్క తింటుంది, చక్రం కొనసాగుతుంది.

ఐదో పని: సరిగా ఉడికించండి

పచ్చి అవయవాలు పెట్టాలన్న వాదన బలంగా వినిపిస్తున్నా, నేను దాన్ని సమర్థించను. ఉడికించడం వల్ల పోయే పోషకాలు తక్కువ, తప్పే ప్రమాదాలు ఎక్కువ. పచ్చి కోడి అవయవాల్లో సాల్మొనెల్లా, క్యాంపిలోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా ఉండవచ్చు. తిన్న కుక్కకు జబ్బు రాకపోయినా దాని మలం, నోరు, గిన్నె ద్వారా ఇంట్లోని వారికి అంటవచ్చు. పచ్చి పంది అవయవాల్లో ఆజెస్కీ వ్యాధి వైరస్ ఉండి అది కుక్కకు సోకితే, లక్షణాలు మొదలైన ఒకటి రెండు రోజుల్లో కుక్క చనిపోతుంది, దానికి చికిత్స లేదు. ఫ్రీజర్‌లో పెట్టడం వల్ల కొన్ని పరాన్నజీవులు చనిపోతాయి గాని బ్యాక్టీరియా చావదు, కరిగాక మళ్లీ పెరుగుతుంది. కాబట్టి గడ్డకట్టించడాన్ని ఉడికించడానికి ప్రత్యామ్నాయంగా భావించకండి.

మాంసాన్ని కుళాయి కింద పెట్టి కడిగితే చిందిన నీటితో సూక్ష్మజీవులు వంటగది అంతా వ్యాపిస్తాయి. రక్తం ఎక్కువగా ఉంటే ఒక గిన్నెలో నీళ్లు పోసి మెల్లగా ముంచి తీయండి. కత్తి, పలక కుక్క మాంసానికి విడిగా ఉంచుకోవడం మంచిది. కొవ్వు, నరాలు, గట్టి నాళాలు తీసేసి చిన్న ముక్కలుగా కోసి, మునిగేంత నీటిలో వేసి మరిగించండి. కోడి కార్జం, కందనకాయ, గుండె లోపల కనీసం 74 డిగ్రీల సెల్సియస్ వేడికి చేరాలి. మరుగుతున్న నీటిలో చిన్న కార్జం ముక్కలు 10 నుంచి 15 నిమిషాల్లో ఈ స్థితికి వస్తాయి. కందనకాయ మెత్తబడడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. ముక్కను మధ్యకు కోసి చూస్తే గులాబీ రంగు గాని, రక్తం గాని కనిపించకూడదు. గొర్రె, మేక, పశువు, పంది అవయవాలను మాత్రం నీరు మరగడం మొదలైనప్పటి నుంచి 30 నిమిషాలు ఉడికించాలి. తిత్తుల్లోని లార్వాలు చావడానికి నిపుణులు చెప్పే సమయం ఇదే. మన కంటికి కనిపించని చిన్న తిత్తి లోపల ఉన్నా ఈ వేడికి బతకదు. ప్రెషర్ కుక్కర్ వాడితే ఇంకా మంచిది.

ఉప్పు, కారం, మసాలా, నూనె ఏవీ వేయకండి. ఉల్లి, వెల్లుల్లి గురించి మరీ జాగ్రత్త అవసరం: వాటిలోని గంధక సమ్మేళనాలు కుక్క ఎర్ర రక్తకణాలను పగలగొట్టి రక్తహీనత తెస్తాయి. ఉడికించినా, వేయించినా, పొడి చేసినా ఆ గుణం పోదు. ఇంట్లోవారి కోసం వండిన కార్జం వేపుడులో నుంచి ముక్కలు తీసి కడిగి పెట్టడం కూడా ఈ కారణంగానే పనికిరాదు.

ఉడికించిన నీటిలోకి బి విటమిన్లు కొంత దిగుతాయి. ఆరోగ్యవంతమైన కుక్కకు ఆ నీటిని చల్లార్చి, పైన తేలిన కొవ్వు తీసి, రెండు మూడు చెంచాలు ఆహారం మీద పోయవచ్చు. ప్యూరిన్లు కూడా ఆ నీటిలోకే దిగుతాయి కనుక మూత్రంలో రాళ్ల భయం ఉన్న కుక్కకు మాత్రం దాన్ని పోయవద్దు.

శిక్షణలో వాడే ఎండు ముక్కలు కావాలంటే, ముందు పైన చెప్పినట్టు పూర్తిగా ఉడికించి, ఆ తరువాత ఓవెన్‌లో 100 డిగ్రీల వద్ద తేమ పోయేవరకు ఆరబెట్టండి. ఎండిన ముక్క తేలికగా అనిపిస్తుంది గాని అందులోని విటమిన్ ఎ, రాగి ఎక్కడికీ పోవు. లెక్క పచ్చి బరువుతోనే వేసుకోవాలి. పచ్చి కార్జాన్ని నేరుగా తక్కువ వేడి మీద ఆరబెట్టడం సురక్షితం కాదు.

ఆరో పని: మెల్లగా అలవాటు చేయండి

మొదటి రోజు ఒకటి రెండు చిన్న ముక్కలు మాత్రమే, మామూలు భోజనంతో కలిపి ఇవ్వండి. రెండు రోజులు ఆగి విరేచనం చూడండి. గట్టిగానే ఉంటే మోతాదులో సగానికి, వారం తరువాత పూర్తి మోతాదుకు వెళ్లండి. పలుచనైతే ఆపి, మామూలు స్థితికి వచ్చాక ఇంకా తక్కువతో మొదలుపెట్టండి. కొత్త అవయవాలను ఒక్కోసారి ఒక్కటే పరిచయం చేయడం వల్ల ఏది పడలేదో తెలుస్తుంది.

కార్జం రుచికి అలవాటు పడిన కొన్ని కుక్కలు మామూలు ఆహారాన్ని పక్కకు నెట్టి దానికోసమే ఎదురుచూస్తాయి. జాలిపడి మోతాదు పెంచవద్దు. గిన్నెలో వేయడం మాని, పిలిచినప్పుడు వచ్చినందుకో, మందు మాత్ర మింగినందుకో బహుమతిగా చేతితో ఇస్తే ఆ అలవాటు తగ్గుతుంది, శిక్షణకూ ఉపకరిస్తుంది.

ఏడో పని: నిల్వ, గమనింపు

పచ్చి అవయవాలను ఫ్రిజ్‌లో 4 డిగ్రీల లోపు ఒకటి రెండు రోజులే ఉంచాలి. ఉడికినవి మూడు నాలుగు రోజులు ఉంటాయి. మిగిలినవాటిని పూట మోతాదులుగా విడదీసి ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల వద్ద పెడితే రెండు మూడు నెలలు వాడుకోవచ్చు. బయట పెట్టి కరిగించకుండా ఫ్రిజ్‌లోనే కరగనివ్వండి. కుక్క తినకుండా వదిలిన ముక్కలను అరగంటలో తీసేసి గిన్నెను సబ్బుతో కడగండి.

అవయవ మాంసం తినే కుక్కకు పురుగుల మందు ఎప్పుడెప్పుడు వేయాలో పశువైద్యుడితో మాట్లాడి నిర్ణయించుకోండి. మామూలు గుండ్రటి పురుగులకు వేసే మందులన్నీ ఎకినోకాకస్‌పై పనిచేయవు. దానికి ప్రాజిక్వాంటెల్ ఉన్న మందు కావాలి. కుక్క ఇంతకు ముందు పచ్చి అవయవాలు తిని ఉంటే ఆ సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పండి. మందు వేసిన తరువాత కొన్ని రోజులు మలాన్ని చేతొడుగులతో తీసి నాశనం చేసి, చేతులు సబ్బుతో కడుక్కోండి.

కార్జం తిన్న మరునాడు మలం రంగు కొంత ముదరడం మామూలే. కానీ తారులా నల్లగా, జిగటగా, దుర్వాసనతో ఉంటే అది పేగుల్లో రక్తస్రావానికి సూచన. ఆగని వాంతులు, కడుపు పట్టుకుని ముందు కాళ్లు వంచి నడుము పైకెత్తి నిలబడడం, మూత్రానికి మళ్లీమళ్లీ ప్రయత్నించడం లేదా మూత్రంలో రక్తం, చిగుళ్లు పాలిపోవడం లేదా పసుపుపచ్చగా మారడం, తూలడం కనిపిస్తే ఇంట్లో వైద్యం చేయకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లండి. మగ కుక్కకు మూత్రం పూర్తిగా ఆగిపోతే గంటలు కూడా విలువైనవే. వెళ్లేటప్పుడు ఏ జంతువు అవయవం, ఎంత, ఎప్పుడు, ఎలా వండి పెట్టారో రాసుకుని వెళితే డాక్టర్‌కు కారణం త్వరగా దొరుకుతుంది.